విరిగిన బోల్టు, కొత్త కుండ

మొన్న కరీంనగర్‌లో ఎముకల డాక్టరు నా కాలి ఎక్స్‌రేను వెలుగుతున్న పలకకు తగిలించి, ఎప్పుడో నేను వాకిట్లో జారిపడ్డప్పుడు తొడ ఎముకకు వేసిన లోహపు పట్టీ బాగానే ఉందనీ, దాన్ని పట్టుకున్న మరమేకుల్లో ఒకటి మాత్రం మెడ దగ్గర విరిగి లోపలే ఉండిపోయిందనీ చెప్పారు. నా వెంట వచ్చిన మా మరిది కొడుకు ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం భయమూ వేయలేదు, బాధా కలగలేదు. ఎముక నీడలో తెల్లగా మెరుస్తున్న ఆ ముక్కనూ, దాని మరలనూ, విరిగినచోట ఏటవాలుగా ఉన్న అంచునూ చూస్తూ, పాత పరిచయస్తులెవరో బస్టాండులో ఎదురుపడినట్టు కాసేపు అలాగే కూర్చున్నాను.

"తియ్యాల్నా సార్?" అని మావాడు అడిగాడు.

"తియ్యాలంటే చుట్టూ ఎముకను తొలవాలె. నొప్పి లేదంటున్నరు గదా. దాని మానాన దాన్ని ఉండనిద్దాం, అమ్మా," అన్నారాయన.

నేను తల ఊపాను. ఆ కాలు ఎలాగూ సగం తిమ్మిరిలోనే ఉంటుంది. కారులో భైంసాకు తిరిగి వస్తున్నంతసేపూ మావాడు ఇంకో డాక్టరుకు చూపిద్దామంటూనే ఉన్నాడు. నా మనసు మాత్రం విరిగిన బోల్టు మాట విన్నప్పుడల్లా ఎక్కడికి పోతుందో అక్కడికే పోయింది.

మా పుట్టిల్లు మంథని. మా బాపు ఇత్తడి పని చేసేవారు. గుళ్ళకు దీపపు సెమ్మెలు, హారతి పళ్ళాలు, ఇళ్ళకు బిందెలు, అన్నీ ఆయన చేతిలోనే తయారయ్యేవి, చిల్లిపడితే మాటు పడేవి. అవ్వ, అంటే మా అమ్మ, నా చిన్నతనంలోనే పోవడంతో ఇల్లు చూసుకునే పని నా మీద పడింది, బడి మొహం నేను చూడలేదు. అయితే బాపు నన్ను చదువు లేని దానిగా వదిలేయలేదు. తోమిన పళ్ళెం వెనక సుద్దముక్కతో అక్షరాలు రాసి దిద్దించారు, త్రాసులో గుండ్లు వేసి లెక్క నేర్పారు, సాయంత్రం దీపం పెట్టాక దేవుడి ముందు కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చదివించారు. ఈనాడు నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ పళ్ళెం పుణ్యమే. రోజూ దీపం ముందు ఆయన్ను తలుచుకోకుండా ముద్ద ముట్టను.

ఒకసారి గోదావరి ఒడ్డు గుడి నుంచి ఒక సెమ్మె వచ్చింది. దాని మెడలో ఇనుప మరమేకు విరిగి కూరుకుపోయింది. సెమ్మె పాతది, సన్నని పనితనం, సుత్తి తగిలితే పగులుతుంది. బాపు సుత్తి జోలికి పోలేదు. నన్ను పటిక నూరమన్నారు. మనం గడపకు దిష్టికి కట్టే పటికే, బురద నీళ్ళు తేరడానికి వేసే పటికే. మట్టి చట్టిలో నీళ్ళు పోసి, పటిక కరిగినంత కరిగించి, సెమ్మె మెడను అందులో ముంచి, పిడకల సన్న సెగ మీద పెట్టారు. ఉడకకూడదు, చల్లారకూడదు. ఇనుప మేకు చుట్టూ సన్నని బుడగలు లేస్తూ ఉన్నాయి.

"బలం తోటి కాదు బిడ్డా, ఓపిక తోటి. పటిక ఇనుమును తింటది, ఇత్తడిని ముట్టది. గని యాదుంచుకో, మట్టిదాంట్లనే పెట్టాలె," అన్నారు.

మేకు నల్లని బురదలా మారి వచ్చింది, సెమ్మె చెక్కు చెదరలేదు. అది నాకు ఆటలాగా అనిపించింది. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

పెళ్ళయి భైంసాకు వచ్చాను. అక్కడి మాటలో సగం మరాఠీ కలిసి ఉండేది. మొదట్లో బజారుకు పోతే ఎవరు ఏమడుగుతున్నారో తెలియక నవ్వి ఊరుకునేదాన్ని. మా అత్తగారిల్లు ముందు సగం దుకాణం, వెనక సగం కాపురం. వంటింటికీ దుకాణానికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ. నేను పొయ్యి దగ్గర కూర్చుంటే మా మామయ్య, మా ఆయన చేసే పనంతా ఆ కిటికీలోంచి కనబడేది. పత్తి మిల్లుల సామాను, ఆయిల్ ఇంజన్లు, నీళ్ళ పంపులు అన్నీ వచ్చేవి. ఎక్కువగా వచ్చేవి మాత్రం తల తెగిన బోల్టులే. తుప్పుపట్టిన బోల్టును బలవంతంగా తిప్పుతారు, తల ఊడి చేతికొస్తుంది, ఒళ్ళు లోపలే ఉండిపోతుంది, అప్పుడు మా దుకాణం గుర్తుకొస్తుంది.

మా ఆయనకు ఆ పనంటే ఇష్టం. ముందు కిరోసిన్ పోసి నాననిచ్చేవారు, చిన్నగా తట్టేవారు. అప్పటికీ రాకపోతే బోల్టు నడుమ బర్మాతో సన్నని రంధ్రం తొలిచి, అందులో ఉల్టా మరల కడ్డీ దిగ్గొట్టి ఎడమకు తిప్పేవారు. కడ్డీ ఎంత బిగిస్తే అంత గట్టిగా బోల్టును పట్టుకుని, దానితోపాటు వెనక్కి తిరిగి బయటికి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ ముక్కను కిటికీలోంచి నాకు చూపించేవారు, పన్ను పీకిన వైద్యుడు చూపించినట్టు. అయితే ఆ కడ్డీ బోల్టు కంటే గట్టి ఉక్కు, పెళుసుది. అది గనక లోపల విరిగితే ఇక ఏ బర్మా దాన్ని తొలవలేదు. మా మామయ్య ఒక మాట అనేవారు:

"బోల్టు ఇరిగితె పని. కడ్డీ ఇరిగితె కర్మ."

ఆ ఇంట్లో రెండు కట్టుబాట్లుండేవి. అమావాస్యనాడు పనిముట్టు ముట్టకూడదు; ఆ రోజు వాటికి విశ్రాంతి, అంతే. రెండోది, ఇంట్లో ఎవరైనా పని సగంలో వదిలి కన్నుమూస్తే, ఆ పనిని ఆ ఇంటివాళ్ళే పూర్తిచేయాలి. అది పూర్తికానిదే బల్ల మీదికి ఇంకో పని ఎక్కకూడదు. మొదటిది నేను వచ్చిన నెలలోనే చూశాను. రెండోది ఉందని కూడా నాకప్పుడు తెలియదు.

ఆ రెండోదాన్ని నాకు చూపించిన పంపు ఒక మరాఠీ రైతుది. మా మామయ్యకు పాత పరిచయం. చిన్న ఇత్తడి పంపు, పసుపు తోటకు నీళ్ళు పెట్టేది. బోల్టు తెగి లోపల ఉండిపోయింది. తోట ఎండుతోందని ఆయన బతిమాలితే, రేపు అమావాస్య కదా, ఇవాళే తీసి ఇచ్చేద్దామని మా ఆయన పనికి దిగారు. రోజూ లాగా నాననివ్వలేదు, తట్టి చూడలేదు. నేను కిటికీ ఇవతల బియ్యం ఏరుతున్నాను. వక్క కొరికినంత చప్పుడు వినబడింది. తలెత్తి చూస్తే ఆయన కడ్డీ పిడిని చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. కొన లోపల ఉండిపోయింది.

మామయ్య కోప్పడలేదు. "రేపు ముట్టకు. ఎల్లుండి సూద్దాం," అన్నారు. అమావాస్యనాడు ఊరికే కూర్చోవడం ఎందుకని, నిజామాబాద్ పోయి ఇంకో కడ్డీ తెస్తానని మా ఆయన పొద్దున్నే బయల్దేరారు. కిరోసిన్ వాసన వేసే చొక్కా మేకుకు తగిలించి, తెల్ల చొక్కా వేసుకున్నారు. తోవలో జీపు బోల్తా పడింది.

దాని గురించి నాకు రాయడానికేమీ లేదు. మబ్బుపట్టిన పగటిలాగా ఉండేది. ఎవరో నీళ్ళిస్తే తాగాను, కూర్చోమంటే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. వచ్చిన ఆడవాళ్ళు నా ముఖం చూసేవారు, చూసి ఒకరి చెవిలో ఒకరు అనుకునేవారు. మెల్లగా అనుకున్నా నాకు వినబడేది.

"కండ్లల్ల చుక్క నీళ్ళు లేవు సూడు. గుండెనా, రాయా?"

"మంథని పిల్ల గదనే. ఇంట్లనే సదువు నేర్సిందట. సదువుకున్నోళ్ళు ఏడ్వరు."

మా అత్తమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి, గోడకు ఆనుకుని ఉన్నది ఉన్నట్టే వాళ్ళవైపు తిరిగి, "మీరు ఏడ్సేది సాలుతలేదా? దాని వంతు గూడ మీరే ఏడ్సిపోండ్రి," అన్నది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

దినాలయ్యాయి. దుకాణం మాత్రం తెరుచుకోలేదు. పంపు బల్ల మీద అలాగే ఉంది, దానిలో బోల్టు, బోల్టులో కడ్డీ కొన. మామయ్య పొద్దున్నే పోయి దాన్ని బల్ల మీది ఇనుప పట్టులో బిగించేవారు, కాసేపు చూసేవారు, మళ్ళీ విప్పేసేవారు. అమావాస్య కట్టుబాటు తనదే కదా, అది లేకపోతే కొడుకు తొందరపడేవాడు కాదు, ఊరికి పోయేవాడు కాదు అనుకుంటున్నారని మాకందరికీ తెలుసు. రైతు వచ్చి మెట్టు మీద కూర్చునేవాడు. వేరే ఊళ్ళో చేయించుకోమని మామయ్య చెబితే, "నకో మామా. ఆయన శెయ్యి పెట్టిన పని. మీ ఇంట్లనే గావాలె. ఘాయి నై," అని బీడీ వెలిగించుకునేవాడు. తోట ఎండుతున్న మనిషి తొందర లేదంటున్నాడు!

దినాలయ్యాక పుట్టింట్లో చేసే నిద్రకు నన్ను తీసుకుపోవడానికి మా బాపు మంథని నుంచి వచ్చారు. ఆ పూటే మామయ్య వసారాలో కూర్చుని అందరికీ వినబడేటట్టు చెప్పారు.

"నాతోని గాదు బావా. పంపు గట్లనే వాపసిచ్చి షట్టర్ దించుతా. సామానంత అమ్మి, పిల్లగాన్ని తీస్కొని మా బామ్మర్ది ఊరికి పోతం. నీ బిడ్డను నువ్వు తోలుకపో."

నిద్రకు పోయిన కోడలు తిరిగి రావాలంటే, రావడానికి ఒక ఇల్లుండాలి కదా. షట్టర్ దిగితే నేను మంథనిలోనే ఉండిపోతాను, మామయ్య, అత్తమ్మ, చిన్నపిల్లవాడైన మా మరిది ఎక్కడో ఒకరి పంచన ఉండిపోతారు. నాకు ఉండాలని ఉందో, పోవాలని ఉందో నన్నడిగితే చెప్పలేకపోయేదాన్ని. లోపల ఏదీ కదలడం లేదు. కానీ ఆ పంపు అలా, ఆయన విరిచినట్టే, బయటికి పోకూడదని మాత్రం అనిపించింది. లేచి వెళ్ళి మామయ్య ముందు నిలబడ్డాను. అంతకు ముందు ఆయనతో ఎదురుగా మాట్లాడింది తక్కువ.

"మామా, పటిక పెట్టి సూస్త," అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశారు. తర్వాత చెయ్యి ఊపారు, నీ ఇష్టం అన్నట్టు.

ఇక్కడే చిక్కు వచ్చింది. చావు జరిగిన ఇల్లు; మైల పోవాలని ఇంట్లోని మట్టి కుండలన్నీ తీసి పారేశారు. ఇత్తడి బిందెల మూతులు ఇరుకు, పంపు పట్టదు. కుమ్మరి ఇంటి నుంచి ఒక్కటే కొత్త కుండ వచ్చింది, అది దేవుడి దగ్గర బోర్లించి ఉంది. అందులో మొదట దేవుడికి అన్నం వండి నైవేద్యం పెట్టాకే ఇల్లు మళ్ళీ ఇల్లవుతుంది. దాన్ని అడగడానికి నాకు నోరు రాలేదు. దుకాణంలో కాల్చిన ఇనుమును చల్లార్చే ఇనుప తట్ట ఉంటే, మట్టిదాంట్లనే పెట్టాలన్న మాట గుర్తుండి కూడా, దానిలోనే పెట్టి దుకాణంలోని కొలిమి మీద ఉంచాను. పటిక నీళ్ళు తట్ట అంతటా బుసబుసా పొంగాయి, తట్ట లోపలంతా గుంటలు పడింది, బోల్టు మాత్రం ఉన్నచోటే ఉంది.

మామయ్య తట్టను ఎత్తి వెలుతురుకు పట్టి చూశారు. "పటిక నా తట్టను తిన్నది బిడ్డా. బోల్టును ముట్టనే లేదు," అన్నారు. అన్ని దినాల్లో ఆయన నోట వచ్చిన వేళాకోళం అదొక్కటే. వేళాకోళం చేసి, తట్ట కింద పెట్టి, షట్టర్ తాళంచెవులు వెతకడానికి లేచారు.

నేను పంపును కొంగుతో తుడుస్తున్నాను. అప్పుడు వసారాలో కూర్చున్న మా బాపు, ఎవరి ముఖమూ చూడకుండా, నేలవైపు చూస్తూ మా అత్తమ్మతో అన్నారు:

"అక్కా, మట్టిది గావాలె. ఇనుప దాంట్ల కాదు."

ఆయన నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మనిషి. అవ్వ పోయాక నేను తప్ప మంథని ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు. ఆ ఒక్క మాట అనకుండా ఊరుకుని ఉంటే, సాయంత్రం బస్సుకు నన్ను వెంటబెట్టుకుని పోయేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అప్పుడు నా మొద్దుబారిన బుర్రకు ఇదేమీ తట్టలేదు, చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు బియ్యం కడుగుతూ ఉంటే తట్టింది.

మా అత్తమ్మ లేచి దేవుడి దగ్గరికి వెళ్ళింది. బోర్లించిన కొత్త కుండను రెండు చేతులా తీసుకుని, కళ్ళకద్దుకుని, తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"దేవుడు ఆకలికి ఓర్సుకుంటడు తియ్యి. ముందు గిది గానియ్యి," అన్నది.

పెరట్లో మూడు రాళ్ళు పెట్టి పిడకలు అంటించాను. అప్పటిదాకా చుట్టాలు తెచ్చిన అన్నమే తింటున్నాం. చావు తర్వాత ఆ ఇంట్లో వెలిగిన మొదటి పొయ్యి అదే. కుండలో పటిక నీళ్ళు, నీళ్ళలో పంపు. సెగ పెరిగితే పిడక లాగేదాన్ని, తగ్గితే జరిపేదాన్ని, నీళ్ళు ఇంకితే వేడినీళ్ళు పోసేదాన్ని. మొదట ఏమీ లేదు. తర్వాత ఆ విరిగిన చోటు నుంచి మాత్రం సన్నని బుడగలు, అన్నం పొంగుకు ముందు లేచే వాటిలాగా, ఒకదాని వెంట ఒకటి లేవడం మొదలైంది. పొద్దున వెలిగించడం, చీకటి పడేలోగా ఆర్పడం, మర్నాడు మళ్ళీ వెలిగించడం. ఆరిపోయిన ఇంట్లో అందరికీ కూర్చోవడానికి ఒక చోటు దొరికినట్టయింది. మామయ్య ఒక పక్క, బాపు ఒక పక్క, అత్తమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఇంకో పక్క. రైతు కూడా మెట్టు వదిలి పెరట్లోకి వచ్చి తొంగి చూశాడు. నన్ను వైనీ అని పిలిచేవాడు, మరాఠీలో వదిన అని.

"వైనీ, గిది పంపా, పప్పా? ఉప్పు గూడ ఏసినవా?" అన్నాడు.

అత్తమ్మ కొంగు చాటున నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది. నేను వెదురుపుల్లతో లోపల పొడిచి చూశాను, ఇంకా గట్టిగా తగిలింది, ఇంకొంచెం పటిక వేశాను.

చివరికి ఒక మధ్యాహ్నం పుల్ల అడ్డం లేకుండా ఇటునుంచి అటు పోయింది. పంపును బయటికి తీసి కడిగాను. ఇత్తడి కాస్త ఎర్రబడింది. చింతపండు పెట్టి తోమాను. రంధ్రం లోపల మరలు పాత నెక్లెసు గొలుసులాగా వరసగా, శుభ్రంగా మెరుస్తున్నాయి. బోల్టు లేదు, కడ్డీ లేదు. అత్తమ్మ నా పక్కకు వచ్చి కుండలోకి వంగి చూసింది.

"వాని చేతుల ఇరిగిన ముక్క ఏది బిడ్డా? నేను దాస్కుంట."

కుండను వంచి చూపించాను. అడుగున నల్లని బురద, కాటుకంత. ఆమె వేలు పెట్టి తీసుకుని చూసుకుంది.

"గింతేనా?"

"గింతే, అత్తమ్మా."

ఆమె ఆ వేలును కడుక్కోలేదు, చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. మామయ్య పంపును దుకాణంలోకి తీసుకుపోయి, కొత్త బోల్టుకు నూనె రాసి రంధ్రానికి ఆనించారు. పానా పెట్టలేదు. రెండు వేళ్ళతో తిప్పారు. ఆపకుండా, అడ్డం పడకుండా, చివరిదాకా పోయింది. నేను కిటికీ ఇవతల నుంచి చూస్తున్నాను. ఆయన ఇటువైపు తిరగకుండానే అడిగారు:

"మర సెడలే. ఏమే, రేపు అమాస గాదు గదా?"

"కాదు," అన్నది అత్తమ్మ.

మర్నాడు షట్టర్ లేచింది. పద్ధతి ప్రకారం నేను నిద్రకు మంథని పోయాను, మా బాపే మళ్ళీ బస్సెక్కించుకుని తెచ్చి భైంసాలో దించారు. దిగేటప్పుడు సంచిలో పటిక గడ్డ ఒకటి పెట్టి ఇచ్చారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు నేను కిటికీ అవతల, దుకాణంలోనే కూర్చున్నాను. ఇనుప సామానుకు పటిక పనికిరాదు కనుక, వేడిచేయడం, మైనం పోయడం, చెవి పెట్టి బోల్టు మాట వినడం మామయ్య నేర్పించారు. ఇత్తడి సామానూ, అల్యూమినియం సామానూ వస్తే మాత్రం కుండ నాదే. ఊళ్ళో నన్ను పటిక వైనీ అనేవారు. ప్రతి దసరాకూ పనిముట్లకు పూజచేసేటప్పుడు మామయ్య ఆ కుండకు కూడా బొట్టు పెట్టేవారు. దేవుడికి మాత్రం అత్తమ్మ వేరే కుండలో వండింది. ఆయన ఓర్చుకున్నట్టే ఉన్నాడు, మమ్మల్ని పస్తులుంచలేదు.

ఇప్పుడు ఆ దుకాణం మా మరిది కొడుకుది. అద్దాల తలుపులు, డబ్బాల్లో సీలు విప్పని కొత్త సామాను. బోల్టు తెగిందని ఎవరైనా వస్తే, పాతదాంతో పరేషాన్ ఎందుకు అన్నా, కొత్తది వేసుకో అంటాడు. తప్పు పట్టను. వాడు నన్ను కన్నతల్లికంటే ఎక్కువ చూసుకుంటాడు, నా కాలి ముక్క కోసం వాడే ఎక్కువ దిగులుపడుతున్నాడు. కిటికీ ఉన్నచోట గోడ పూడ్చి అరలు కట్టించాడు. కుండ ఏ సందులోనో పగిలింది. గుండెనా రాయా అన్నవాళ్ళు, వాళ్ళను కసిరిన అత్తమ్మ, అందరూ వెళ్ళిపోయారు. నేనెందుకు ఏడవలేదని ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు.

కరీంనగర్ నుంచి వచ్చిన మర్నాడు అమావాస్య. దీపం పెట్టి, ఉన్నవాటికీ పోయినవాటికీ దేవుడికి దండం పెట్టుకుని వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. దుకాణం తెరిచే ఉంది. ఈ మధ్య అమావాస్యనాడు కూడా తెరిచే ఉంటుంది. ఎవరో పంపు సామాను దించి, రేపు తీసుకుంటానన్నాడు. మావాడు సరేనన్నాడు. మా ఆయనకు లాగా తొందరేమీ లేదు వాడికి, ఇవాళా దుకాణం ఉంది, రేపూ ఉంది.